సుబారు ఇంప్రెజా: 1992 నుంచి ఇప్పటిదాకా ఏం మారింది, ఏం మిగిలింది?

మట్టిదారి
ఇంప్రెజా గురించి మనవాళ్ళు ఎక్కడో ఒక ముక్క రాస్తూనే ఉంటారు గానీ మొదటి తరం నుంచి ఆరో తరం దాకా వరసగా ఒకచోట మాట్లాడుకున్నట్టు నాకు కనపడలేదు, అందుకే ఈ థ్రెడ్. నా మాట ముందే చెప్పేస్తా. 1992లో ఒకే పేరు కింద ఉన్న కారు ఇవాళ మూడు కార్లయింది, అన్నదమ్ముల ఆస్తి పంపకం లాగా. పేరు ఇంప్రెజాకి దక్కింది, టర్బో దమ్ము స్పోర్ట్స్ రకం డబ్ల్యూఆర్ఎక్స్ పట్టుకుపోయింది, కొనేవాళ్ళు ఎక్కువగా ఎత్తు పెంచిన రకం క్రాస్‌ట్రెక్ వైపు వెళ్ళిపోయారు. పంపకంలో ఎవరికి అన్యాయం జరిగిందనేదే మనం తేల్చాల్సింది.

మొదటి తరంతో మొదలుపెడతా. 1992 చివర్లో జపాన్‌లో వచ్చింది. సుబారు వాళ్ళ పెద్ద కారు లెగసీ ప్లాట్‌ఫామ్‌నే పొట్టి చేసి తయారుచేశారు, వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2,520 మిల్లీమీటర్లే. అప్పటి డబ్ల్యూఆర్ఎక్స్‌లో 2 లీటర్ల టర్బో, 240 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), బండి బరువు చూస్తే 1,200 కిలోల చిల్లర. ఇప్పుడు ఆ లెక్కలో బండి ఎవరు చేస్తున్నారు చెప్పండి? ఇంకోటి, డోర్ అద్దాల చుట్టూ ఫ్రేమ్ ఉండదు, తలుపు తీస్తే అద్దం ఒక్కటే నిలబడి ఉంటుంది, వేసినప్పుడు రబ్బరుకి తగిలి ఒకరకమైన గలగల. రెండో తరం దాకా అదే, మూడో తరంలో మామూలు ఫ్రేమ్ డోర్లు వచ్చేశాయి. నాకైతే ఆ ఫ్రేమ్ లేని డోర్లంటే ప్రాణం.

బాక్సర్‌బీట్
మంచి థ్రెడ్ అన్నా. తరాల్లోకి వెళ్ళేముందు అన్ని తరాల్లోనూ మారనిది ఒకటుంది, అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఇంజిన్ పడుకుని ఉంటుంది, సిలిండర్లు అటు రెండు ఇటు రెండు. క్రాంక్‌షాఫ్ట్ కారు పొడుగునా ఉంటుంది, దాని వెనకే గేర్‌బాక్స్, రెండు ముందు చక్రాలకి పవర్ పంచే డిఫరెన్షియల్ కూడా ఆ గేర్‌బాక్స్ పెట్టెలోనే కూర్చుంటుంది. వెనక చక్రాలకి పవర్ కావాలంటే అక్కణ్ణుంచి నేరుగా ఒక ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలిస్తే అయిపోయింది. ఇంజిన్ అడ్డంగా పెట్టిన కార్లలో అయితే ఆ పవర్‌ని ముందు 90 డిగ్రీలు తిప్పి తర్వాత వెనక్కి పంపాలి, దానికి ఇంకో గేర్ల పెట్టె కావాలి. సుబారుకి ఆ బాధ లేదు కాబట్టే మామూలు ఫ్యామిలీ కారులో కూడా ఆల్ వీల్ డ్రైవ్ పెట్టగలిగారు.

ఇది ఇంప్రెజాతో పుట్టిన ఐడియా కాదు. జపాన్‌లో తొహోకు ఎలక్ట్రిక్ పవర్ వాళ్ళు మంచులో లైన్ల పనికి జీపు కన్నా సుఖంగా ఉండే బండి కావాలని అడిగితే మొదలైన కథ, 1972లో లియోన్ వ్యాన్‌గా మార్కెట్‌కి వచ్చింది. అప్పుడు పార్ట్ టైమ్, లీవర్ లాగితేనే వెనక చక్రాలు కలిసేవి.

దీనికి లోటు కూడా ఉంది, దాచక్కర్లేదు. ఇంజిన్ మొత్తం ముందు ఇరుసుకి ముందే వేలాడుతుంటుంది. మూతి బరువు. మలుపులో స్పీడుగా దూరితే ముందు చక్రాలు బయటికి జారాలని చూస్తాయి, ఆరు తరాలుగా వీళ్ళ సస్పెన్షన్ పని సగం ఆ ఒక్కదానితో కుస్తీయే.

స్నోచెయిన్
బ్రో లేఔట్ మంచిగ చెప్పినవ్. కానీ ఆల్ వీల్ డ్రైవ్ అంటే అన్ని ఇంప్రెజాల్లో ఒకటే సిస్టమ్ అనుకుంటరు చాలామంది, అస్సలు కాదు. మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్నదాంట్ల సెంటర్ డిఫరెన్షియల్ ఉంటది, ముందుకి వెనక్కి సగం సగం, దానికి విస్కస్ కప్లింగ్ తోడు. ఒక చిన్న డబ్బాల సిలికాన్ ద్రవం, దాంట్ల పల్చటి ప్లేట్లు. ముందు చక్రాలు ఒక స్పీడు, వెనకవి ఇంకో స్పీడు తిరిగినయనుకో, ద్రవం వేడెక్కి ఉబ్బి ప్లేట్లను కలిపి పట్టుకుంటది. కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. కాకపోతే కొంచెం జారినంక గానీ పట్టుకోదు.

ఆటోమేటిక్‌ల కథ వేరే. అక్కడ మల్టీప్లేట్ క్లచ్, మామూలుగ 60:40 అని చెప్తరు గానీ ఆ నంబర్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, కంప్యూటర్ యాక్సిలరేటర్ చూసి, చక్రాల స్పీడ్ చూసి క్లచ్‌ని ఎంత నొక్కాల్నో ఎప్పటికప్పుడు మారుస్తనే ఉంటది. మంచుల ఆగి ఉన్న బండి కదిలేటప్పుడు నాకైతే ఈ క్లచ్ సిస్టమే నచ్చుతది, ఎందుకంటే జారకముందే వెనకకి పవర్ పంపేస్తది.

పాత 4 స్పీడ్ ఆటోమేటిక్‌లల్ల ఒక ముచ్చట ఉండె. బానెట్ కింద ఫ్యూజ్ బాక్స్ దగ్గర ఎఫ్‌డబ్ల్యూడీ (ముందు చక్రాల డ్రైవ్) అని ఖాళీ హోల్డర్. అండ్ల ఒక ఫ్యూజ్ గుచ్చితే వెనక డ్రైవ్ బంద్, మీటర్ల ఎఫ్‌డబ్ల్యూడీ లైట్ వెలుగుతది. చిన్న స్టెప్నీ ఏసుకుని పోవాల్సి వచ్చినప్పుడు క్లచ్ ఖరాబ్ కాకుండ ఉండేందుకు పెట్టిన్రు. ఎంత సింపుల్ ఆలోచన చూడు. సీవీటీ (గేర్ల మెట్లు లేని ఆటోమేటిక్) కాలం వచ్చేసరికి ఇది పోయింది.

ర్యాలీపిచ్చి
ఇంప్రెజా థ్రెడ్‌లో మూడు పోస్టులైనా ర్యాలీ మాట ఎత్తలేదేంటండీ!!

1993లో ఫిన్లాండ్ 1000 లేక్స్‌లో మొదటిసారి దిగింది, ఆరి వాటనెన్ నడిపాడు, మొదటి పోటీలోనే రెండో స్థానం. 1995లో కాలిన్ మెక్రే డ్రైవర్ల ఛాంపియన్. ఆ ఏడాది స్పెయిన్ ర్యాలీలో టీమ్ ఆర్డర్లతో కార్లోస్ సైన్జ్‌కి గెలుపు ఇచ్చారు, మెక్రేకి ఒళ్ళు మండిపోయింది, ఇద్దరూ సమానమైన పాయింట్లతో చివరి ఆర్ఏసీ ర్యాలీకి వచ్చారు, అక్కడ మెక్రే గెలిచి తీసుకుపోయాడు. అది చూసినవాళ్ళకి నీలం రంగు మీద పసుపు 555 (స్పాన్సర్ సిగరెట్ పేరు) మర్చిపోవడం కుదరదు. 1995, 96, 97 వరసగా మూడేళ్ళు తయారీదారుల టైటిల్. తర్వాత 2001లో రిచర్డ్ బర్న్స్, 2003లో పెట్టర్ సోల్‌బెర్గ్, వీళ్ళిద్దరూ గెలిచింది రెండో తరం బండితో.

ఆ మూడు టైటిళ్ళకీ, సుబారు 40 ఏళ్ళకీ కలిపి 1998లో 22బీ ఎస్‌టీఐ వదిలారు (ఎస్‌టీఐ అంటే డబ్ల్యూఆర్ఎక్స్‌లో ఇంకా పదునైన రకం). 2.2 లీటర్ల టర్బో, రెండు తలుపుల వెడల్పు బాడీ, జపాన్‌కి 400 బళ్ళే. ఇవాళ దాని రేటు మామూలువాళ్ళు అడిగేది కాదు. కానీ నా దృష్టిలో అసలు గొప్పతనం 22బీది కాదు, మామూలు డబ్ల్యూఆర్ఎక్స్‌ది. షోరూమ్‌లో కొన్న బండికీ ర్యాలీలో ఎగిరే బండికీ చుట్టరికం కంటికి కనిపించేది, బానెట్ మీద ఆ స్కూప్ ఊరికే పెట్టింది కాదు, దాని కిందే టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పడుకుని ఉంటుంది.

లోరేంజ్
@స్నోచెయిన్ మాన్యువల్ గురించి చెప్తూ ఒకటి వదిలేశారు. యూరప్, ఆస్ట్రేలియాలలో టర్బో లేని మాన్యువల్ ఇంప్రెజాలకి డ్యూయల్ రేంజ్ ఉండేది. హ్యాండ్‌బ్రేక్ పక్కన ఇంకో చిన్న లీవర్. అది లాగితే 5 గేర్లూ లో రేంజ్‌లోకి వచ్చేస్తాయి. జీపుల్లో ఉన్నంత లో కాదు గానీ నిటారు ఎత్తులో క్లచ్ కాల్చకుండా, ట్రెయిలర్ కట్టుకుని వెనక్కి తియ్యాలన్నా అంతకన్నా సుఖం లేదు. ఇంత చిన్న కారులో అది ఉందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. తర్వాత్తర్వాత అదీ పోయింది. నా వరకు ఇంప్రెజా నుంచి పోయినవాటిలో పెద్దది ఇదే, టర్బో కాదు.

మట్టిదారి
@లోరేంజ్ గారూ బాగా గుర్తుచేశారు. ఇక రెండో తరం. 2000లో వచ్చింది, వీల్‌బేస్ దాదాపు అంతే, 2,525, కానీ బాడీ చాలా గట్టిపడింది, దాంతోపాటు బరువూ పెరిగింది. ఎస్‌టీఐకి 6 స్పీడ్ గేర్‌బాక్స్ వచ్చింది. మొహం మాత్రం జనానికి నచ్చలేదు, గుండ్రటి లైట్లు, బగ్‌ఐ అన్నారు. 2002 చివరికే మార్చేశారు, అది బ్లాబ్‌ఐ, మళ్ళీ 2005లో హాక్‌ఐ. ఒకే తరంలో మూడు మొహాలు! మధ్యది దిద్దింది పీటర్ స్టీవెన్స్, 1997 ర్యాలీ కారుకి రూపం ఇచ్చినాయనే. అప్పట్లో తిట్టిన బగ్‌ఐనే ఇప్పుడు వెతుక్కుని మరీ కొంటున్నారు, నాకు మొదట్నుంచీ ఇష్టమే.

అమెరికాకి టర్బో ఇంప్రెజా వెళ్ళింది ఈ తరంతోనే, 2002 మోడల్‌గా 227 హార్స్‌పవర్ డబ్ల్యూఆర్ఎక్స్, 2004 మోడల్‌కి 300 హార్స్‌పవర్ ఎస్‌టీఐ. దీని వ్యాగన్‌నే మొహం మార్చి సాబ్ 9-2ఎక్స్ అని కొన్నాళ్ళు అమ్మారు.

ఎస్‌టీఐలో డీసీసీడీ కూడా చెప్పాలి. సెంటర్ డిఫరెన్షియల్‌ని ఎంత బిగించాలో డ్రైవర్ చేతిలోని చిన్న చక్రం తిప్పి పెట్టుకోవచ్చు. వదిలేస్తే వెనక్కి ఎక్కువ పవర్, 2006 తర్వాతి వాటిలో 41:59. మట్టి మీద పూర్తిగా వదిలేసి ఒకసారి, బిగించి ఒకసారి అదే మలుపు తిరిగితే రెండూ వేరువేరు బళ్ళనిపిస్తుంది.

స్పానర్‌బాబాయ్
అందరూ పైనుంచి మాట్లాడుతున్నారు, నేను బానెట్ ఎత్తి మాట్లాడతా. మొదటి మూడు తరాల్లో ఎక్కువగా ఈజే ఇంజిన్ కుటుంబమే. 1989లో లెగసీతో వచ్చిన డిజైన్ అది, ఎస్‌టీఐలో అయితే 2021 దాకా లాగారు. ముప్పై ఏళ్ళు పైగా బతికిందంటే దాంట్లో విషయం ఉన్నట్టే కదా. కానీ 2.5 టర్బో లేని ఈజేల్లో హెడ్ గ్యాస్కెట్ లీకు అందరికీ తెలిసిన సంగతి, కొనేముందు ఇంజిన్ కింద దూరి రెండు హెడ్‌ల అడుగు అంచులు టార్చి వేసి చూడాలి, నూనె తడి గానీ కూలెంట్ ఎండిన మరక గానీ కనపడితే రేటు దగ్గర గట్టిగా మాట్లాడండి. టైమింగ్ బెల్ట్ 1,05,000 మైళ్ళకి మార్చమని అమెరికా షెడ్యూల్, తెగితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి, అది ఎవరూ వాయిదా వెయ్యకండి.

ప్లగ్గులు మార్చడం చేత్తో చేసినవాడికే తెలుస్తుంది. సిలిండర్ హెడ్‌లు పక్క ఛాసిస్ వైపు తిరిగి ఉంటాయి, మధ్యలో చెయ్యి పట్టేంత సందే. ఒక పక్క ఎయిర్ ఫిల్టర్ బాక్స్ విప్పాలి, ఇంకో పక్క బ్యాటరీ, వాషర్ నీళ్ళ డబ్బా పక్కకి జరపాలి, తర్వాత సాకెట్ లోపల పెట్టి, ఎక్స్‌టెన్షన్ విడిగా పెట్టి, లోపలే రెండూ తగిలించాలి. తొందరపడితే పింగాణీ పగులుతుంది. నిదానంగా చేస్తే ఏం కాదు.

పొగమంచు
మూడో తరం గురించి ఎవరూ మంచిగా మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను, నేను నడిపేది అదే హ్యాచ్‌బ్యాక్. 2007లో వచ్చినప్పుడు ర్యాలీ సెడాన్ అలవాటైన వాళ్ళందరూ మూతి ముడుచుకున్నారు, మెత్తగా ఉందన్నారు, కుటుంబం బండి అన్నారు. వాళ్ళన్నది డబ్ల్యూఆర్ఎక్స్ విషయంలో కొంత నిజమే, అమెరికాలో 2008 మోడల్ 224 హార్స్‌పవర్‌తో నీరసంగా వచ్చింది, గోల చేస్తే ఏడాదిలోనే 265కి పెంచారు. కానీ కారుగా చూస్తే వీల్‌బేస్ 2,525 నుంచి 2,620కి పెరిగింది, వెనక సీటులో మోకాళ్ళు ముందు సీటుకి తగలకుండా కూర్చోగలిగింది ఈ తరంలోనే. వెనక స్ట్రట్లు తీసేసి డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ పెట్టారు, అందువల్ల డిక్కీలోకి పొడుచుకొచ్చే బుడిపెలు తగ్గి సామాను చదరంగా పడుతుంది, గతుకుల మీద వెనక భాగం ఎగరకుండా కూర్చుంటుంది. మంచు కురిసిన పొద్దున ఎత్తు రోడ్డు మీద ఎస్‌యూవీలు తంటాలు పడుతుంటే మంచి వింటర్ టైర్లేసిన ఈ చిన్న బండి చప్పుడు లేకుండా ఎక్కిపోతుంది, నాకు అంతకన్నా ఏం కావాలి. అన్నట్టు ఈరోజు క్రాస్‌ట్రెక్ అంటున్నది మొదలైంది కూడా ఈ తరం మీదే, 2010లో ఇంప్రెజా ఎక్స్‌వీ అని.

ర్యాలీపిచ్చి
@పొగమంచు అక్కా మీ బండిని ఏమీ అనను, కానీ 2008 డిసెంబర్‌లో సుబారు ప్రపంచ ర్యాలీ నుంచి తప్పుకుంది కూడా ఆ తరంలోనే, మాకు ఆ బాధ పోలేదు. ఆర్థిక మాంద్యం దెబ్బ అని తెలుసు, అయినా.

కొత్తస్టీరింగ్
అందరికీ నమస్కారం, చదువుతూ కూర్చుండిపోయాను. ఒక డౌట్. డబ్ల్యూఆర్ఎక్స్‌ని ఇంప్రెజా నుంచి ఎందుకు విడదీశారు? రెండూ కలిసి ఉంటే పేరుకి మంచిదే కదా?

బాక్సర్‌బీట్
తమ్ముడూ, నాలుగో తరం చూస్తే జవాబు దొరుకుతుంది. 2011లో వచ్చింది. అమెరికాలో అంతకుముందున్న 2.5 లీటర్లు, 170 హార్స్‌పవర్ తీసేసి 2 లీటర్ల ఎఫ్‌బీ ఇంజిన్, 148 హార్స్‌పవర్ పెట్టారు, 4 స్పీడ్ ఆటోమేటిక్ బదులు సీవీటీ. పవర్ తగ్గించి కొత్త మోడల్ అమ్మడం ఎంత ధైర్యమో ఆలోచించు. కానీ మైలేజీ చూడు, సిటీలో 20, హైవేలో 26 ఉన్నది 27, 36 అయింది గ్యాలన్‌కి. ఆల్ వీల్ డ్రైవ్ అంటే పెట్రోల్ తాగుతుంది అనే మాటకి అక్కడ తెరపడింది. టైమింగ్ బెల్ట్ పోయి చైన్ వచ్చింది కూడా దీంతోనే.

ఇప్పుడు ఆ మెత్తటి, తేలికపాటి, మైలేజీ బండికీ, గట్టి సస్పెన్షన్ టర్బో బండికీ ఒకే బాడీ, ఒకే రూపం ఎలా కుదురుతుంది? ఒకడికి కావాల్సింది ఇంకొకడికి వద్దు. అందుకే మూడో తరం డబ్ల్యూఆర్ఎక్స్‌నే ఇంకొన్నేళ్ళు నడిపి, 2014లో ఇంప్రెజా పేరు తీసేసి వేరే కారుగా తెచ్చారు. నా ఉద్దేశంలో రెండిటికీ మంచే జరిగింది.

ర్యాలీపిచ్చి
> బాక్సర్‌బీట్: రెండిటికీ మంచే జరిగింది

ఒప్పుకోను గురూ. విడిపోయాక డబ్ల్యూఆర్ఎక్స్‌కి హ్యాచ్‌బ్యాక్ పోయింది. ఇంప్రెజాకి ఆశ పోయింది, అంటే మామూలు ఇంప్రెజా కొన్నవాడు రేపు ఇదే బండిలో పెద్దది కొంటా అనుకునేవాడు, ఆ మెట్టు తీసేశారు. చివరికి ఎస్‌టీఐ సంగతి చూడండి, కొత్త డబ్ల్యూఆర్ఎక్స్ మీద పెట్రోల్ ఎస్‌టీఐ చెయ్యబోమని 2022 మార్చిలో కంపెనీయే ప్రకటించింది. డీసీసీడీ దాంతోనే వెళ్ళిపోయింది. కలిసి ఉన్నప్పుడు అమ్మకాల బలం ఒకరిది, పేరు ఒకరిది, ఒకరికొకరు కాపు కాసుకునేవారు.

స్నోచెయిన్
భయ్యా నీ బాధ అర్థమైతది గానీ ఐదో తరం నడిపి చూసి మాట్లాడు. 2016ల కొత్త గ్లోబల్ ప్లాట్‌ఫామ్ మీద వచ్చిన మొదటి సుబారు ఇదే, ఫారెస్టర్, అవుట్‌బ్యాక్ అన్నీ దీని తర్వాతే. వెనక స్టెబిలైజర్ బార్‌ని సబ్‌ఫ్రేమ్‌కి కాకుండ డైరెక్ట్‌గ బాడీకే బిగించిన్రు, మలుపుల బండి పక్కకి ఒరగడం ఎంత తగ్గిందో పాత బండి నుంచి దిగి ఎక్కినోనికి మొదటి మలుపుల్నే తెలుస్తది. పవర్ 152, స్పీడు బండి కాదు, ఒప్పుకుంట. కానీ ఛాసిస్ చూస్తే అంతకు డబుల్ పవర్ మోసేటట్టు ఉంటది. ఆ ఏడాది జపాన్ కార్ ఆఫ్ ది ఇయర్ ఊరికే ఇయ్యలే.

ఆరోది 2022 నవంబర్‌ల చూపించిన్రు. సెడాన్ లేదు, మాన్యువల్ లేదు, ఒక్క హ్యాచ్‌బ్యాకే. వీల్‌బేస్ అదే 2,670. ఆర్ఎస్ అని 2.5 లీటర్లు, 182 హార్స్‌పవర్ తెచ్చిన్రు, ఎన్నో ఏండ్ల తర్వాత మామూలు ఇంప్రెజాల కొంచెం దమ్ము వచ్చింది. మాన్యువల్ పోయిందంటే విస్కస్ సెంటర్ డిఫరెన్షియల్ కూడ ఇంప్రెజాల నుంచి పోయినట్టే, అది నాకూ బాధే. క్లచ్ సిస్టమ్ మంచుల బెటర్ అని నేనే అంటున్న, అయినా ఆ డబ్బాల ద్రవం ఏ కంప్యూటర్ చెప్పకుండనే పని చేసుకుంటుంటే ఒక తృప్తి.

మట్టిదారి
క్రాస్‌ట్రెక్ లెక్క కూడా చెప్పండి ఎవరైనా. అమెరికా బళ్ళలో ఇంప్రెజా నేల నుంచి ఎత్తు 130 మిల్లీమీటర్లు, క్రాస్‌ట్రెక్‌ది 220. అడుగున ఉన్నది దాదాపు ఒకే కారు. ఆ 90 మిల్లీమీటర్ల కోసం జనం ఇంప్రెజాని వదిలేస్తున్నారు. మట్టి రోడ్డు మీద ఎత్తు కావాలి, కాదనను. కానీ తారు రోడ్డు దాటని వాళ్ళు కూడా అదే కొంటున్నారు, మలుపుల్లో తక్కువ ఎత్తు బండి ఇచ్చే పట్టు వదులుకుని. ఇంప్రెజా మీద నాకున్న ప్రేమ వల్ల అంటున్నాననుకోండి, రెండూ నడిపి చూశాకే నిర్ణయించుకోండి.

కొత్తస్టీరింగ్
సరే పెద్దలందరూ ఉన్నారు కాబట్టి అడిగేస్తున్నా. నా ముందు రెండు సెకండ్‌హ్యాండ్ బళ్ళున్నాయి, 2013 సీవీటీ, 2018 మాన్యువల్. చలికాలం మంచు ఉంటుంది, మిగతా రోజులు ఆఫీసుకి. ఏది తీసుకోమంటారు?

స్పానర్‌బాబాయ్
మాన్యువల్ నడపడం ఇష్టమైతే 2018 తీసుకో బాబూ. ప్లాట్‌ఫామ్ కొత్తది, విస్కస్ సెంటర్ డిఫరెన్షియల్ ఉన్న ఆఖరి ఇంప్రెజాలవి. కాకపోతే మాన్యువల్‌తో ఐసైట్ రాదు, ముందు బండికి తగలకుండా తనంతట బ్రేక్ వేసే కెమెరాలు కావాలంటే సీవీటీయే. 2013 చూస్తే డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడు, మొదటి ఏళ్ళ ఎఫ్‌బీ ఇంజిన్లలో కొన్నిటికి ఆయిల్ తగ్గిపోతోందని కంప్లైంట్లు వచ్చాయి, సర్వీసు బిల్లులు అడిగి మధ్యలో ఎంత పోశారో కనుక్కో.

ఏదైనా సరే ముందు నాలుగు టైర్లూ చూడు. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. చుట్టుకొలతలో పావు అంగుళం కన్నా తేడా ఉండకూడదు. ఒక టైరు పంక్చరై కొత్తది ఒక్కటే వేసి ఉంటే ఆ చక్రం రోజంతా వేరే స్పీడులో తిరుగుతుంది, మాన్యువల్‌లో విస్కస్ కప్లింగ్, సీవీటీలో క్లచ్, ఏదైనా ఊరికే వేడెక్కి అరిగిపోతుంది. తర్వాత బండి బాగా వేడెక్కాక ఖాళీ స్థలంలో స్టీరింగ్ చివరిదాకా తిప్పి నిదానంగా గుండ్రంగా నడుపు, కుడికి ఒకసారి, ఎడమకి ఒకసారి. బ్రేకు పట్టినట్టు కుదుపులు కుదుపులుగా వెళ్తే డ్రైవ్ బిగిసిపోయిందని అర్థం, ఆ బండి వదిలెయ్.

కొత్తస్టీరింగ్
థాంక్యూ బాబాయ్. శనివారం 2018 చూడ్డానికి వెళ్తున్నాను, టైర్ల ఫోటోలు నాలుగూ తీసి ఇక్కడే పెడతా.